65 శాతం అంటే మార్కులు కాదండీ: జర్మనీ టీయూల్లో పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ పోస్టుల సంగతి

మీరు అడిగినవి ఒకసారి చెప్పుకుందాం. మెకానికల్‌లో ఎంటెక్ అయింది, రెండేళ్ళుగా ఒక కంపెనీలో సిమ్యులేషన్ పని చేస్తున్నారు. జర్మనీ టెక్నికల్ యూనివర్సిటీల్లో (టీయూలంటే ఇవే) పీహెచ్‌డీ అడ్మిషన్లు ఏ నెలలో మొదలవుతాయి, ఫీజు ఎంత, ఎంట్రన్స్ ఉంటుందా అన్నది ఒకటి. రెండు ప్రకటనలు చూశారు, ఒకదాంట్లో 65 శాతం మూడేళ్ళు అని, ఇంకోదాంట్లో 100 శాతం ఒక ఏడాది అని ఉంది, ఆ 65 శాతం మార్కుల కటాఫా అన్నది రెండోది. మీ అక్కగారి మెటీరియల్స్ పీహెచ్‌డీ వచ్చే ఏడాది అయిపోతుంది, ఆవిడకి పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే టెంపరరీ రీసెర్చ్ ఉద్యోగం, దొరుకుతుందా అన్నది మూడోది.

ఆ 65 శాతం మార్కులు కాదండీ, జీతం. అంటే ఫుల్ పోస్టు జీతంలో 65 శాతం ఇస్తారని. నవ్వుకోకండి, నేను కూడా మొదట్లో అలాగే అనుకుని నాకు 80 ఉన్నాయి కదా పర్లేదులే అని ధీమాగా అప్లై చేసినవాడినే. అసలు తికమకంతా ఎక్కడంటే మనం దీన్ని కాలేజీలో సీటులాగా చూస్తాం, అక్కడ ఇది ఉద్యోగం. అడ్మిషన్ సీజన్ అంటూ ఉండదు, ఎంట్రన్స్ ఉండదు, ఒక ప్రొఫెసర్ దగ్గర ప్రాజెక్టుకి డబ్బులొచ్చాయి, మనిషి కావాలి, ప్రకటన వేశారు, అంతే. అది ఫిబ్రవరిలో రావచ్చు, ఆగస్టులో రావచ్చు. డాక్టరేట్ కోసం పేరు నమోదు చేసుకోవడం, ఫ్యాకల్టీ ఒప్పుకోవడం అవన్నీ విడిగా, చాలాసార్లు ఉద్యోగంలో చేరాక జరిగే తతంగం. ట్యూషన్ ఫీజు ఉండదు. బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి బయటి దేశాల స్టూడెంట్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు పెట్టారు కానీ అందులోనూ డాక్టరేట్ చేసేవాళ్ళకి మినహాయింపు ఉంది. పేరు నమోదైతే సెమిస్టర్ కంట్రిబ్యూషన్ అని కొన్ని వందల యూరోలు కడతారు, అంతకు మించి లేదు. ఎవరైనా కన్సల్టెన్సీ వాళ్ళు పీహెచ్‌డీ సీటు ఇప్పిస్తాం ఇంత కట్టండి అంటే ఫోన్ పెట్టేయండి.

నేనెవరినంటే, ఒక టీయూలో డాక్టరేట్ చేసి అక్కడే మూడేళ్ళు పోస్ట్‌డాక్ చేసి ఇప్పుడు ఇంకో చోట ఒక చిన్న రీసెర్చ్ గ్రూప్ చూసుకుంటున్నాను, మా పోస్టులకి వచ్చే అప్లికేషన్లు మొదటి వడపోత నేనే చేస్తాను. కాబట్టి రెండు వైపులా కూర్చున్న అనుభవంతో రాస్తున్నాను, కాస్త పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

ప్రకటనలో చూడాల్సింది మొదట "టీవీ-ఎల్ ఇ 13" అనే ముక్క. టీవీ-ఎల్ అంటే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల జీతాల ఒప్పందం, మన పే స్కేల్ లాంటిదే, ఇ 13 అంటే మాస్టర్స్ డిగ్రీ అవసరమైన పోస్టుల గ్రేడు. హెస్సె రాష్ట్రానికి విడిగా టీవీ-హెచ్ ఉంది, టీయూ డార్మ్‌స్టాట్‌కి అయితే తన సొంత ఒప్పందమే ఉంది, కానీ అంకెలు దాదాపు అదే తీరులో ఉంటాయి. పీహెచ్‌డీ వాళ్ళకీ ఇ 13, పోస్ట్‌డాక్ వాళ్ళకీ సాధారణంగా ఇ 13 గానీ ఇ 14 గానీ. మరి తేడా ఎక్కడ అంటే స్టేజ్‌లో. స్టేజ్ 1లో ఏడాది, స్టేజ్ 2లో రెండేళ్ళు, స్టేజ్ 3లో మూడేళ్ళు, ఇలా ఎక్కుతూ పోతుంది. 2025 లెక్క ప్రకారం ఇ 13 స్టేజ్ 1 ఫుల్ పోస్టుకి నెలకి 4,629 యూరోల చిల్లర గ్రాస్, అంటే కోతలకి ముందు. పెళ్ళికాని మనిషికి పన్ను, హెల్త్, పెన్షన్, నిరుద్యోగ బీమా, ఇవన్నీ పోగా చేతికి 2,800 ప్రాంతంలో వస్తుంది. అదే 65 శాతం అయితే గ్రాస్ 3,000, చేతికి ఇంచుమించు రెండు వేలు. శాతం తగ్గినంత దారుణంగా చేతికొచ్చేది తగ్గదు, ఎందుకంటే పన్ను కూడా తగ్గుతుంది. నవంబరులో సగం నెల జీతానికి కాస్త తక్కువగా బోనస్ లాంటిది ఒకటి కలుస్తుంది, ఏడాదికి 30 రోజుల సెలవు.

శాతం ఎందుకు తక్కువ ఇస్తారంటే వాళ్ళు చెప్పే లెక్క ఏంటంటే, 65 శాతం సమయం ప్రాజెక్టు పని, మిగతాది నీ థీసిస్ నీది అని. కాగితం మీద బానే ఉంటుంది. నిజంలో అందరూ పూర్తి సమయమే ల్యాబ్‌లో ఉంటారు. ఏ శాతం అన్నది సబ్జెక్టుని బట్టి ఉంటుంది: మెకానికల్, ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్స్‌లో ఎక్కువగా 100 శాతమే, ఎందుకంటే లేకపోతే మనిషి కంపెనీకి పోతాడు. కెమిస్ట్రీ, బయాలజీలో 50, 65, 67 మామూలు. అంటే మెకానికల్ వారైన మీకు 65 అని వచ్చిందంటే అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది, దానికి చివర్లో వస్తాను.

ఇప్పుడు స్టేజ్ గురించి నా బాధ ఒకటి చెప్తాను, ఇది మీకు నేరుగా పనికొస్తుంది. నేను చేరేముందు రెండేళ్ళు ఉద్యోగం చేశాను, మీలాగే. రూల్ ప్రకారం పనికి సంబంధించిన అనుభవం ఏడాది ఉంటే స్టేజ్ 2లో పెట్టొచ్చు, మూడేళ్ళుంటే స్టేజ్ 3. నా కంపెనీ ఇచ్చిన ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో ఏముందంటే ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఇంజినీరుగా పని చేశారు, నడవడిక బాగుంది, శుభాకాంక్షలు. మూడు లైన్లు. పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో (మన హెచ్ఆర్) ఒకావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో నువ్వు చేసిన పని ఏంటో లేదు కదా, ఇది ఈ పోస్టుకి సంబంధించిన పని అని నేనెలా రాయాలి అంది. ఆవిడ తప్పేం లేదు. నన్ను స్టేజ్ 1లో పెట్టారు. సంతకం పెట్టాక మార్పించుకోవడానికి తిరిగాను, కుదర్లేదు. ఏడాది పాటు నెలనెలా కొన్ని వందల యూరోలు పోయినట్టే. కాబట్టి మీరు కంపెనీ వదిలే ముందే ఏ సాఫ్ట్‌వేర్ మీద, ఏ రకం మోడల్స్, వారానికి ఎన్ని గంటలు, ఏం బాధ్యతలు అని వివరంగా లెటర్‌హెడ్ మీద రాయించుకుని పెట్టుకోండి, కాంట్రాక్ట్ మీద సంతకానికి ముందే పర్సనల్ వాళ్ళకి ఇవ్వండి. వేరే యూనివర్సిటీలోనో రీసెర్చ్ సంస్థలోనో చేసిన అనుభవాన్నైతే సైంటిస్టులకి మామూలుగా లెక్కలోకి తీసుకోవాలనే ఆ ఒప్పందంలోనే ఉంది, మీ అక్కగారికి ఇది ముఖ్యం, ఆవిడ పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్, ఎస్‌ఆర్‌ఎఫ్‌గా చేసిన సంవత్సరాల సర్టిఫికెట్లు అన్నీ భద్రంగా ఉంచమనండి, ఫెలోషిప్ కదా అని వాళ్ళు నసిగినా అడగడంలో తప్పులేదు.

ఎక్కడ వెతకాలి అంటే, టీయూ9 అని తొమ్మిది పెద్దవాటి కూటమి ఉంది: ఆహెన్, బెర్లిన్, బ్రౌన్‌ష్వైగ్, డార్మ్‌స్టాట్, డ్రెస్డెన్, హానోవర్, కార్ల్స్‌రూహె, మ్యూనిక్, స్టుట్‌గార్ట్. మనవాళ్ళు వీటి దగ్గరే ఆగిపోతారు, అందులోనూ మ్యూనిక్, ఆహెన్ దగ్గరే. హాంబుర్గ్, డోర్ట్‌ముండ్, ఇల్మెనౌ, కెమ్నిట్జ్, ఫ్రైబెర్గ్ కూడా టెక్నికల్ యూనివర్సిటీలే, జీతం స్కేల్ దాదాపు ఒకటే, హాంబుర్గ్ తప్పిస్తే అద్దెలు చాలా తక్కువ. మీ అక్కగారు మెటీరియల్స్ అన్నారు కాబట్టి ఫ్రైబెర్గ్ చూడమనండి, 1765లో గనుల కోసం పెట్టిన అకాడమీ అది, జెర్మేనియం మూలకాన్ని 1886లో కనిపెట్టింది అక్కడే. జర్మనీలో ర్యాంకింగ్ కంటే ఏ ప్రొఫెసర్, ఏ ఇన్‌స్టిట్యూట్ అన్నదే లెక్క, యూనివర్సిటీ పేరు చూసి ఎవరూ జీతం పెంచరు.

ప్రకటనలు యూనివర్సిటీ సొంత వెబ్‌సైట్‌లో ఉద్యోగాల పేజీలో మొదట పడతాయి, తర్వాత యూరాక్సెస్, అకాడెమిక్స్ డాట్ డీఈ, డాడ్ (జర్మన్ అకాడెమిక్ ఎక్స్‌చేంజ్ సంస్థ) వాళ్ళ పీహెచ్‌డీ జర్మనీ, వీటిలోకి వస్తాయి. కానీ వీటికంటే ముందే వాసన పట్టే దారి ఒకటుంది, దీన్ని ఎవరూ చెప్పరు. డీఎఫ్‌జీ అని అక్కడి పెద్ద రీసెర్చ్ ఫండింగ్ సంస్థ ఉంది కదా, వాళ్ళు డబ్బులిచ్చిన ప్రాజెక్టులన్నీ గెప్రిస్ అనే డేటాబేస్‌లో ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు. మీ టాపిక్ కొట్టి, ఈ ఏడాది మొదలైన ప్రాజెక్టులు అని చూడండి. ప్రాజెక్టు కొత్తగా వచ్చిందంటే అర్థం ఏంటి, ఆ ప్రొఫెసర్ చేతిలో ఇప్పుడు ఒక పోస్టుకి డబ్బుంది, మనిషి దొరికాడో లేదో తెలీదు. అలాంటప్పుడు రాసే మెయిల్‌కి జవాబొస్తుంది. అలాగే కొల్లాబొరేటివ్ రీసెర్చ్ సెంటర్లు అని పెద్దవి ఉంటాయి, వాటి మంజూరు ఏటా మే, నవంబరుల్లో ప్రకటిస్తారు, ఆ తర్వాత రెండు మూడు నెలల్లో ఒక్కో సెంటర్ నుంచి ఒకేసారి బోలెడు పోస్టులు పడతాయి. 2025 మేలో 70 ఎక్సలెన్స్ క్లస్టర్లు (ఇంకా పెద్ద రీసెర్చ్ కూటములు) ఎంపికయ్యాయి, వాటి డబ్బు 2026 జనవరి నుంచి ఏడేళ్ళ పాటు, అందులో టెక్నికల్ యూనివర్సిటీలవి చాలానే ఉన్నాయి. అవి ఒక్కొక్కటే తెరిచి చూడండి.

మీ ఇండియా డిగ్రీ చెల్లుతుందా అన్నది అనాబిన్ అనే సైట్‌లో చూసుకోండి, మీ యూనివర్సిటీకి ఎదురుగా హెచ్ ప్లస్ అని ఉండాలి. లేకపోతే విడిగా ఒక మూల్యాంకన పత్రం తెప్పించుకోవాలి, దానికి టైం పడుతుంది, ముందే చూసుకోండి.

ఇప్పుడు అప్లికేషన్. గత ఏడాది మా పోస్టు ఒకదానికి వచ్చినవి వడపోసిన రోజు చెప్తాను. వంద పైచిలుకు పీడీఎఫ్‌లు. మొదటి అరగంటలోనే సగానికి పైగా పక్కకి పోయాయి, ఎందుకో తెలుసా, మార్కులు తక్కువని కాదు. ఒకటి "గౌరవనీయులైన సర్/మేడమ్, మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో" అని మొదలై, మూడో లైన్‌లో వేరే యూనివర్సిటీ పేరు ఉంది. ఇంకోటి టు లైన్‌లో పధ్నాలుగు మంది ప్రొఫెసర్లు, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. ఇంకోదాంట్లో పది ఫైళ్ళు విడివిడిగా, పదో తరగతి మార్కుల మెమో స్కాన్ తలకిందులుగా. ప్రకటనలో చాలా స్పష్టంగా రిఫరెన్స్ నంబరు రాయండి, ఒకే పీడీఎఫ్ పంపండి అని ఉంటుంది, అది చదవనివాడు ఎక్స్‌పెరిమెంట్ ప్రోటోకాల్ చదువుతాడా అనుకుంటాం, అన్యాయమో న్యాయమో మరి. మిగిలినవాటిలో నేను వెతికింది ఒక్కటే: మా ప్రకటనలో ఉన్న పని పేరు తీసుకుని, నేను నా థీసిస్‌లో ఫలానాది చేశాను, అక్కడ ఫలానా చోట ఇరుక్కున్నాను, మీ ప్రాజెక్టులో అది ఇలా ఎదురవుతుందనుకుంటున్నాను అని ఐదారు లైన్లు రాసినవాళ్ళు. అలాంటివి ఏడు దొరికాయి. ఏడుగురినీ ఇంటర్వ్యూకి పిలిచాం. అందులో ఇద్దరికి పేపర్లు ఒక్కటీ లేవు, మాకు అది అడ్డే కాలేదు. మాస్టర్స్ తర్వాత పీహెచ్‌డీకి పేపర్లు ఉండాల్సిందే అన్నది మనవాళ్ళ భ్రమ. దుడ్డు కట్టి వేయించుకున్న పేపర్లయితే ఉన్నదానికన్నా లేకపోవడమే మేలు, లిస్టు చూడగానే తెలిసిపోతుంది.

మీది సిమ్యులేషన్ కాబట్టి కోడ్ రాసి ఉంటే గిట్‌హబ్‌లో పెట్టి లింక్ ఇవ్వండి, కంపెనీ కోడ్ కాదు, సొంతంగా చేసింది ఏదైనా, చిన్నదైనా పర్లేదు. మేం తెరిచి చూస్తాం.

భాష సంగతి. ప్రకటన ఇంగ్లీషులో ఉంటే ఇంగ్లీషుతో సరిపోతుంది. ప్రకటన జర్మన్‌లో మాత్రమే ఉంటే వాళ్ళకి జర్మన్ వచ్చిన మనిషే కావాలి, గూగుల్ ట్రాన్స్‌లేట్ చేసుకుని అప్లై చేయడం టైం దండగ. మెకానికల్‌లో ఇది ఎక్కువ, ఎందుకంటే చాలా ఇన్‌స్టిట్యూట్లు కంపెనీ ప్రాజెక్టుల మీద నడుస్తాయి, కంపెనీ వాళ్ళతో మీటింగులు జర్మన్‌లోనే, బ్యాచిలర్ పిల్లలకి ట్యుటోరియల్ చెప్పాల్సింది కూడా జర్మన్‌లోనే. ఇంజినీరింగ్ డాక్టరేట్ అక్కడ పుట్టుకతోనే కొంచెం వేరు, 1899లో ప్రష్యా రాజు టెక్నికల్ కాలేజీలకి డాక్టరేట్ ఇచ్చే హక్కు ఇచ్చినప్పుడు పాత యూనివర్సిటీల డాక్టరేట్‌తో కలవకుండా డాక్టర్-ఇంగ్ అని కొత్త పట్టా పెట్టారు, ఆ తేడా ఇప్పటికీ ఉంది. డాక్టర్-ఇంగ్ చేసేవాడు సగం ప్రాజెక్టు మేనేజరు. కంపెనీకి రిపోర్టులు, టెస్ట్ బెంచ్ చూసుకోవడం, స్టూడెంట్ల థీసిస్‌లు గైడ్ చేయడం, కొత్త ప్రపోజల్ రాయడం, ఇవన్నీ చేస్తూ మధ్యలో థీసిస్. మూడేళ్ళలో అయిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, నాలుగు నుంచి ఆరేళ్ళు మామూలే. అదే ఫిజిక్స్, కెమిస్ట్రీలో డాక్టర్ రెర్ నాట్ అని ఇంకో పట్టా, అది మూడు నాలుగేళ్ళలో తెములుతుంది ఎక్కువగా.

ఇంటర్వ్యూలో మీ మాస్టర్స్ పని మీద 15, 20 నిమిషాల టాక్ ఉంటుంది, తర్వాత గ్రూప్‌తో మాట్లాడిస్తారు. ఆ గ్రూప్‌తో మాట్లాడేదే అసలు ఇంటర్వ్యూ, మీరు వాళ్ళని చేసేది. ప్రొఫెసర్ లేనప్పుడు అక్కడున్న పీహెచ్‌డీ వాళ్ళని మూడే మూడు అడగండి: ఇక్కడ ఆఖరుగా ముగించిన ముగ్గురికి ఎన్నేళ్ళు పట్టింది? మూడేళ్ళ ప్రాజెక్టు అయిపోయాక వాళ్ళ జీతం ఎక్కడినుంచి వచ్చింది? మధ్యలో మానేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మూడో ప్రశ్నకి వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంటే మీకు జవాబు వచ్చేసినట్టే.

సెలెక్ట్ అయ్యాక కూడా తొందర పడకండి. ఉద్యోగుల కౌన్సిల్ ఒప్పుకోవాలి, పర్సనల్ వాళ్ళు కాగితాలు కదపాలి, తర్వాత వీసా. మూడు నాలుగు నెలలు పట్టొచ్చు, చేతిలో సంతకమైన కాంట్రాక్ట్ పడేవరకు కంపెనీకి రిజైన్ ఇవ్వొద్దు.

వీసాలో రెండు దారులున్నాయి. రీసెర్చర్ పర్మిట్ ఒకటి, యూనివర్సిటీతో చేసుకునే హోస్టింగ్ ఒప్పందం మీద ఇచ్చేది. బ్లూ కార్డ్ ఇంకోటి, డిగ్రీ ఉన్న ఉద్యోగులకి ఇచ్చే యూరోపియన్ యూనియన్ పర్మిట్, దానికి జీతం హద్దు ఉంది, 2025లో ఏడాదికి 48,300 యూరోలు, ఇంజినీర్ల లాంటి కొరత ఉన్న వృత్తులకీ, డిగ్రీ అయి మూడేళ్ళు దాటనివాళ్ళకీ 43,759. ప్రతి జనవరిలో ఇది మారుతుంది. ఇ 13 ఫుల్ పోస్టు అంటే ఏడాదికి 55 వేలు దాటుతుంది కాబట్టి సులువుగా వస్తుంది, 65 శాతం పోస్టు అయితే అందదు, రీసెర్చర్ పర్మిటే గతి. తేడా ఏంటంటే బ్లూ కార్డ్ ఉంటే 27 నెలలకి, బీ1 స్థాయి జర్మన్ భాష వస్తే 21 నెలలకే పర్మనెంట్ రెసిడెన్సీ. పీహెచ్‌డీ అవ్వకముందే పర్మనెంట్ అయిపోవచ్చు అన్నమాట, అప్పుడు కాంట్రాక్ట్ ఆగినా గుండె ఆగదు. పెళ్ళయితే భార్యకి గానీ భర్తకి గానీ ఈ రెండు పర్మిట్లలోనూ ముందస్తు జర్మన్ పరీక్ష అడగరు, వచ్చాక ఉద్యోగం కూడా చేసుకోవచ్చు.

ఇక మీ అక్కగారి విషయం. దొరుకుతుంది. కానీ ఆవిడకి ముందుగా తెలియాల్సింది ఒక చట్టం గురించి. 2007లో తెచ్చారు, సైంటిస్టుల టెంపరరీ కాంట్రాక్టుల చట్టం. దాని ప్రకారం యూనివర్సిటీ ఒక మనిషిని టెంపరరీగా డాక్టరేట్‌కి ముందు ఆరేళ్ళు, తర్వాత ఆరేళ్ళు మాత్రమే ఉంచుకోవచ్చు. డాక్టరేట్ ఆరేళ్ళకన్నా తక్కువలో ముగిస్తే మిగిలింది తర్వాతి ఖాతాలో కలుస్తుంది, ఇండియాలో చేసిన పీహెచ్‌డీ కాలాన్నీ ఇలాగే లెక్క వేస్తారు, ఆవిడ ఐదేళ్ళలో ముగిస్తే ఆరుకి బదులు ఏడేళ్ళు ఉంటాయి. పిల్లలుంటే ఒక్కొక్కరికి రెండేళ్ళు కలుస్తాయి. ఆ తర్వాత? పర్మనెంట్ ఇవ్వాలి, లేదా పంపించాలి. పర్మనెంట్ పోస్టులు తక్కువ కాబట్టి ఎక్కువగా పంపిస్తారు. బయటి ప్రాజెక్టు డబ్బు మీద విడిగా కాంట్రాక్ట్ వేసుకునే వెసులుబాటు ఉంది కానీ అది కూడా ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళే. దీని మీద 2021లో "ఇష్ బిన్ హానా" అని పెద్ద గొడవ జరిగింది, మంత్రిత్వ శాఖ ఈ చట్టం ఎంత మంచిదో చెప్పడానికి హానా అనే బొమ్మతో ఒక వీడియో చేస్తే దేశంలో సైంటిస్టులందరూ నేనే ఆ హానా అని తమ గోడు చెప్పుకున్నారు. మార్పు తెద్దామని ముసాయిదా కూడా వేశారు, 2024 చివర్లో ప్రభుత్వం పడిపోయి అదీ పోయింది.

ఇంజినీరింగ్‌లో ఇంకో మెలిక ఉంది. లైఫ్ సైన్సెస్‌లో లాగా పోస్ట్‌డాక్ తర్వాత పోస్ట్‌డాక్ తర్వాత ప్రొఫెసర్ అనే వరస ఇక్కడ నడవదు. ఇంజినీరింగ్ ప్రొఫెసర్ పోస్టుకి కొన్నేళ్ళు కంపెనీలో పని చేసి ఉండాలని చూస్తారు. కాబట్టి డాక్టర్-ఇంగ్ అయినవాళ్ళు ఎక్కువమంది కంపెనీకి పోతారు, ఉండిపోయినవాళ్ళని ఓబర్‌ఇంజెనియర్ అంటారు, ఇన్‌స్టిట్యూట్‌లో ఒక గ్రూపుని నడిపే మనిషి. మెటీరియల్స్ ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది. ఆవిడ ఏ వైపు వెళ్ళాలనుకుంటుందో ముందే అనుకుని రావడం మంచిది.

ఆవిడకి పోస్టు ప్రకటనలతో పాటు సొంత ఫెలోషిప్ తెచ్చుకునే దారి కూడా ఉంది. హుంబోల్ట్ ఫెలోషిప్‌కి పీహెచ్‌డీ అయిన నాలుగేళ్ళలోపు అప్లై చేయాలి, ముందు అక్కడ ఒక ప్రొఫెసర్ హోస్ట్‌గా ఒప్పుకోవాలి. యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ పోస్ట్‌డాక్‌కి గడువు సాధారణంగా సెప్టెంబరులో, దానికి షరతు ఏంటంటే గడువుకి ముందు 36 నెలల్లో చేరబోయే దేశంలో 12 నెలలకి మించి ఉండకూడదు. ఇది చాలామంది గమనించరు, ముందు ఏదో ఒక చిన్న పోస్ట్‌డాక్‌లో చేరిపోదాం, అక్కడ ఉండి మేరీ క్యూరీ రాద్దాం అనుకుంటారు, ఏడాది దాటగానే ఆ తలుపు మూసుకుపోతుంది. మీక్కూడా మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్ (పీహెచ్‌డీ) పోస్టుల్లో ఇలాంటి షరతే, అక్కడ చేరే తేదీ నుంచి లెక్క. ఇండియాలో ఉండి రాసేవాళ్ళకి ఇది లాభం, వాడుకోండి.

హుంబోల్ట్ లాంటి ఫెలోషిప్‌లో డబ్బు సరిపడానే ఉంటుంది కానీ అది ఉద్యోగం కాదు, నిరుద్యోగ బీమా, పెన్షన్ జమ అవ్వవు. కాంట్రాక్ట్ అయితే 12 నెలలు కట్టాక నిరుద్యోగ భృతికి హక్కు వస్తుంది. ఇక్కడ నేను దెబ్బతిన్నాను. నా పోస్ట్‌డాక్‌లో ఒక ప్రాజెక్టు మార్చిలో అయిపోయింది, తర్వాతిది జూన్‌లో మొదలు, మధ్యలో జీతం లేదు. ప్రొఫెసర్ మంచాయనే, వచ్చేస్తుంది వచ్చేస్తుంది అంటూ ఉంటే నేను నమ్మి కూర్చున్నా. కాంట్రాక్ట్ అయిపోవడానికి మూడు నెలల ముందే లేబర్ ఆఫీసులో ఉద్యోగం వెతుకుతున్నాను అని నమోదు చేసుకోవాలట, పొడిగిస్తారని మాట ఇచ్చినా సరే. నేను మూడు వారాల ముందు వెళ్ళాను. ఒక వారం భృతి కోసేశారు. డబ్బు సంగతి అటుంచితే, ఆ కిటికీ ముందు నిలబడి డాక్టర్ గారూ మీకు ఈ కాగితం ఎవరూ ఇవ్వలేదా అని అడిగించుకోవడం బాగుండదు. మీ ఇద్దరూ కాంట్రాక్ట్ వచ్చిన రోజే ముగింపు తేదీకి మూడు నెలల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

ఇంకో చిన్న కాగితం, చేరిన రెండు నెలల్లోపే: వీబీఎల్ అనే అదనపు పెన్షన్‌లో మామూలుగా కలిపేస్తారు, దాంట్లో 60 నెలలు ఉంటేగానీ హక్కు రాదు. టెంపరరీ సైంటిస్టులు ఆ లోపు అప్లికేషన్ పెట్టుకుంటే దాని బదులు ఇంకో పథకంలోకి మారొచ్చు, అందులో 60 నెలల గోల లేదు. ఐదేళ్ళు ఉండేది ఖాయం కాకపోతే మారడమే మంచిది. చేరినప్పుడు ఇచ్చే కాగితాల కట్టలో అడుగున ఎక్కడో ఉంటుంది, వెతికి తీయండి.

సరే, 65 శాతం మూడేళ్ళా, 100 శాతం ఏడాదా. నేనైతే ప్రకటనలో ఇంకో లైన్ చూస్తాను, పొడిగింపు గురించి ఏం రాశారని. "పొడిగింపుకి అవకాశం ఉంది" అంటే అక్కడ చాలాచోట్ల నిజంగానే పొడిగిస్తారు, మెకానికల్ ఇన్‌స్టిట్యూట్లలో మొదటి కాంట్రాక్ట్ ఏడాదికి ఇచ్చి చూసుకుని తర్వాత రెండు మూడేళ్ళు వేయడం మామూలు అలవాటు. "నిధుల మంజూరుకి లోబడి" అని ఉంటే మాత్రం డబ్బు ఇంకా రాలేదని అర్థం, అప్పుడు ఆగి అడగండి. ఏడాది పోస్టులో డాక్టరేట్ ప్రస్తావన ఉందో లేదో కూడా చూడండి, థీసిస్ కోసమే ఇచ్చే కాంట్రాక్ట్ దానికి సరిపడా కాలం ఉండాలని 2016 సవరణలోనే చెప్పారు. థీసిస్ మాటే లేకుండా ఒట్టి ప్రాజెక్టు పని అని ఉంటే ఏడాది తర్వాత చేతులు దులుపుకునే పోస్టు కావచ్చు. 65 శాతం వాళ్ళని అడగాల్సిన ప్రశ్న నేను దాచి ఉంచింది ఇదే: మిగతా 35 శాతానికి వేరే ప్రాజెక్టు నుంచి గానీ టీచింగ్ నుంచి గానీ పెంచే వీలుందా, ఇంతకు ముందువాళ్ళకి పెంచారా? మెకానికల్‌లో చాలాసార్లు ఆరు నెలలకే 100 చేస్తారు. రెండింటికీ అప్లై చేయండి, ఈ రెండు ప్రశ్నలు ఇంటర్వ్యూలో అడగండి, ముందే మెయిల్‌లో జీతం గురించి అడగొద్దు. రెండో ప్రకటన గడువు ఎప్పుడో మీరు రాయలేదు, అది దగ్గర్లో ఉంటే ఈ వారమే ఆ ఎక్స్‌పీరియన్స్ లెటర్ కోసం మీ మేనేజర్‌ని కదపండి, వాళ్ళు ఇవ్వడానికే నెల పడుతుంది.